వరదమ్మ చుట్టిన కాయిలు

తిరువళ్ళూరులో వీరరాఘవస్వామి గుడికి పోయే దారిలో సుదర్శనానికి ఒక రేడియో రిపేరు షాపు ఉండేది. బోర్డు మీద అరవంలో పెద్ద అక్షరాలు, వాటి కింద తెలుగులో చిన్న అక్షరాలు. ఆ తెలుగు అతను స్వయంగా రాసుకున్నదే. రాయడం సగంలో ఉండగా రంగు అయిపోయి, చివరి రెండు అక్షరాలు పచ్చగా కాక నీలంగా వచ్చాయి. అలాగే ఉండిపోయాయి.

మనిషి పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. మాట తక్కువ. రేడియో బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు దాని కథంతా చెబుతుంటే వినేవాడు కాదు, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని అది చెప్పేది వినేవాడు. పెళ్లిళ్లకీ జాతరలకీ మైకుసెట్లు కట్టేవాళ్లలో సగంమందికి ఆంప్లిఫయర్లు అతనే చేసిచ్చేవాడు. ఇటు ఎలవూరు చెక్‌పోస్టు దాకా, అటు తిరుత్తణి కొండ దాకా అతని పెట్టెలు మోగేవి. పెద్ద కంపెనీల పెట్టెల్లా నున్నగా ఉండేవి కావు కానీ వానలో తడిసినా పలికేవి.

ఆ రోజుల్లో ఆంప్లిఫయరంటే వాల్వులదే. బొటనవేలంత గాజుబుడ్లు లోపల ఎర్రగా వెలుగుతూ, వేడెక్కుతూ, చీమ నడిచినంత శబ్దాన్ని ఊరంతా వినేలా పెంచుతాయి. అలా పెరిగిన శబ్దం నేరుగా స్పీకరుకు పోదు. మధ్యలో ఇనుపరేకుల్లో బిగించిన రాగితీగ చుట్ట ఒకటి ఉంటుంది. దాని గుండా పోతేనే శబ్దం బయటికొస్తుంది. దాన్ని అందరూ కాయిలనేవారు. తలవెంట్రుకంత తీగను వేలచుట్లు, ఒక వరస మీద ఇంకొక వరస, మధ్యమధ్య పల్చటి కాగితం వేసుకుంటూ చుట్టాలి. ఆ పని సుదర్శనం భార్య వరదమ్మది.

వరదమ్మ తామరైపాక్కం రైతుల ఇంటి ఆడపిల్ల. పెళ్లికి ముందు ఆమె రేడియో లోపల ఏముంటుందో చూసి ఎరగదు. పెళ్లయిన రెండో ఏడు, కాయిలు చుట్టే చిన్న మరలో చుట్లు లెక్కపెట్టే ముల్లు విరిగిపోతే, సుదర్శనం నోటితో లెక్కపెట్టుకుంటూ తప్పిపోయి విసుక్కుంటుంటే, ఆమె పక్కన కూచుని తాను లెక్కపెడతానంది. నెల తిరగకముందే పిడి తిప్పడమూ ఆమే, తీగ పట్టడమూ ఆమే. అంత సన్నతీగ తెగకుండా ఎలా పడుతున్నావని ఒకసారి అతను అడిగితే, నారు నాటేటప్పుడు సాలు వంకర పోకూడదు గదా, ఇదీ అంతే అంది. అంతకుమించి అతను అడగనూ లేదు, ఆమె చెప్పనూ లేదు.

డెబ్బై నాలుగులో, ఐప్పసి నెల వానలప్పుడు, జయచంద్ర షాపుకు వచ్చాడు. తిరుత్తణిలో కొండ కింద ఇత్తడి పాత్రల అంగడి పెట్టిన సుందరరాజులు కొడుకు. ఇరవై మూడేళ్లుంటాయి. అంగట్లో కూచోమంటే కూచోడు, ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తూ ఒక ఆర్కెస్ట్రాతో ఊళ్లు తిరుగుతాడు. చంకలో ఒక ఇంగ్లీషు రికార్డు తెచ్చుకున్నాడు. ఓడ మీద పనిచేసే స్నేహితుడెవరో ఇచ్చాడట. షాపులో గ్రామఫోను మీద దాన్ని పెట్టి, ఒకచోట ముల్లు ఆపి, మళ్లీ వెనక్కి పెట్టి, మళ్లీ వినిపించాడు.

గిటారు మొదట మామూలుగానే పలుకుతోంది. ఆ తరువాత వాయించేవాడు గట్టిగా మీటగానే శబ్దం చీలి, గరగరలాడి, బెల్లంపాకంలా సాగుతోంది. మళ్లీ మెల్లగా మీటితే శుభ్రపడుతోంది.

సుదర్శనం చెవులప్పగించి విన్నాడు. విని, ఇది పాడైన సెట్టని తేల్చాడు. శబ్దం చీలకుండా చూడడమే తన వృత్తి, పదిహేనేళ్లుగా చేస్తున్నది అదే. చీల్చి ఇమ్మని అడగడానికి వచ్చినవాణ్ణి అతను అదే మొదటిసారి చూశాడు. అయినా జయచంద్ర వదల్లేదు. రెండు పెట్టెలు చేయించుకుని, రెండూ వాయించి చూసి, రెండూ తిరిగిచ్చాడు.

"శుభ్రంగా ఉందన్నా," అన్నాడు. "నాకు ఇంత శుభ్రం వద్దు."

ఆ మాటకు సుదర్శనానికి రోషం వచ్చింది. మూడో పెట్టెకు వాల్వులు వేరే రకం వేశాడు. శబ్దాన్ని అదుపులో పెట్టడానికి వెనక్కి వేసే తీగ ఒకటుంటుంది, దాన్ని తీసేశాడు. ఒక పాత రేడియోలోంచి ఊడదీసిన చిన్న ఇనుపరేకులు ఇంట్లో ఇచ్చి, ఇందులో పట్టేట్టు కాయిలు చుట్టమని చెప్పి షాపుకు పోయాడు. ఆ రేకులకు అంత తీగ పట్టదని వరదమ్మ అంది. పట్టించమని అతనన్నాడు. కాగితం కూడా అయిపోయిందంది. ఏదో ఒకటి చూసుకోమన్నాడు. రెండు రోజుల్లో ఆమె చుట్టి ఇచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం ఇంటి వసారాలో జయచంద్ర గిటారు తగిలించి మెల్లగా మీటాడు. శుభ్రంగా పలికింది. గట్టిగా మీటాడు. పెట్టె గొంతు చీలి, లోపలెక్కడో గుర్రుమని, ఆ శబ్దం తెగకుండా సాగి సాగి ఆగింది. జయచంద్ర చాలాసేపు వాయిస్తూనే ఉన్నాడు. వాయించడం ఆపి, వేడెక్కిన పెట్టె మీద అరచెయ్యి పెట్టుకుని కూచున్నాడు. చెడిందని తాను అనుకున్న శబ్దంలో ఇంత ప్రాణం ఉందని సుదర్శనానికి అప్పటిదాకా తెలియదు.

ఆ పెట్టె ఆరేళ్లు ఊళ్లన్నీ తిరిగింది. అరక్కోణంలో, పొన్నేరిలో, తిరుత్తణి ఆడికృత్తిక సంబరాల్లో, సుబ్రహ్మణ్యస్వామికి కావళ్లు మోసుకొచ్చిన జనం కూడా పాటయ్యాక నిలబడి ఆ గిటారు ఎవరిదని అడిగేవారు. సుదర్శనం దగ్గరికి మద్రాసు నుంచి ఒకరిద్దరు మైకుసెట్టువాళ్లు వచ్చి ఆ శబ్దం ఎలా పట్టావయ్యా అని అడిగారు కూడా. అతను వాల్వుల గురించి చెప్పేవాడు, తీసేసిన తీగ గురించి చెప్పేవాడు. తనకు తెలిసింది అదే, తాను నమ్మిందీ అదే. వరదమ్మ వచ్చినవాళ్లకు కాఫీ ఇచ్చి లోపలికి పోయేది. ఆ కాయిలు ఎలా చుట్టావని అతను ఆమెను ఒక్కనాడూ అడగలేదు. అడగాలని తోచనూ లేదు.

డెబ్బై తొమ్మిదిలో ఒక పొద్దున వరదమ్మ వీధి కొళాయి దగ్గర బిందె ఎత్తబోయి పక్కకు ఒరిగింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పోయింది. మద్రాసు పెద్దాసుపత్రిలో ఇరవై రోజులుంచారు. కాలు కొంత తిరిగొచ్చింది, గోడ పట్టుకుని నడవగలిగేది. చెయ్యి రాలేదు. మాట రాలేదు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఒక అంకె.

"పదారు" అనేది వరదమ్మ. నీళ్లు కావాలన్నా పదారు, దీపం ఆర్పమన్నా పదారు. నవ్వొచ్చినా, ఏడుపొచ్చినా పదారు. డాక్టరు సుదర్శనాన్ని బయటికి పిలిచి నిదానంగా చెప్పాడు. మెదడులో మాట పుట్టే చోటు దెబ్బతింటే కొందరికి ఇలా ఒక్క మాట మిగిలిపోతుందట. అది ఏ మాట అవుతుందో ఎవరూ చెప్పలేరట. లోపల ఆమెకు అన్నీ తెలుసు, బయటికి మాత్రం ఆ మాటే వస్తుంది, దానికి అర్థం వెతకొద్దు అన్నాడు. సుదర్శనం తలూపాడు. ఇరవై ఏళ్లు చుట్లు లెక్కపెట్టిన నోరు, అంకె కాక ఇంకేం మిగులుతుందిలే అనుకున్నాడు.

విధవరాలైన అతని అక్క కుప్పమ్మ వచ్చి ఇల్లు చూసుకోసాగింది. పిల్లలు లేని ఇల్లు, కాబట్టి ముగ్గురే మనుషులు.

మరుసటి ఏడు ఆడికృత్తికకు మద్రాసులో సినిమా పాటలకు సంగీతం చేసే ఆయనొకడు తిరుత్తణికి మొక్కు తీర్చుకోవడానికి వచ్చి, కచేరిలో జయచంద్ర గిటారు విన్నాడు. మనిషిని పంపి పిలిపించుకున్నాడు. ఆవణి నెలాఖరులో తన రికార్డింగుకు రమ్మన్నాడు. గిటారుతో పాటు ఆ పెట్టె కూడా తీసుకురావాలి, నాకు ఆ శబ్దమే కావాలి అన్నాడట. సుందరరాజులు కూడా, కొడుకు గిటారును ఏనాడూ ఒప్పుకోనివాడు, అంగడికి వచ్చినవాళ్లకు ఈ సంగతి చెప్పుకున్నాడు.

రికార్డింగుకు పన్నెండు రోజులుందనగా మింజూరులో ఒక పెళ్లి కచేరి జరుగుతుంటే కరెంటు స్తంభం దగ్గర తీగ ఒకటి తెగింది. ఒక్కసారిగా కరెంటు రెట్టింపై పందిట్లో ట్యూబులైట్లన్నీ టపటపా పేలాయి. జయచంద్ర పరుగెత్తి స్విచ్చి తీసేలోపలే పెట్టెలోంచి పొగ వచ్చింది.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు దాన్ని తెచ్చి సుదర్శనం ముందు పెట్టాడు. సుదర్శనం విప్పి చూశాడు. వాల్వులు రెండు పోయాయి. అవి దొరుకుతాయి, అప్పటికే అరుదైపోతున్నా మద్రాసు మూర్ మార్కెట్లో వెతికితే దొరుకుతాయి. కాయిలు మాడిపోయింది. నల్లబడిన ఆ చుట్టను చేతిలోకి తీసుకుని చూస్తూ, ఇది తాను చేసింది కాదు గదా అని అప్పుడు మొదటిసారి అనుకున్నాడు.

"పదకొండు రోజులుందన్నా," అన్నాడు జయచంద్ర. "అయితాది గదా?"

"అయితాది," అన్నాడు సుదర్శనం.

మాడిన కాయిలును మెల్లమెల్లగా విప్పుతూ చుట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పైవరసలు వచ్చాయి. లోపలికి పోయేకొద్దీ తీగ కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయింది. వరసల మధ్య ఆమె వేసిందేదో పొడిబూడిదై వేళ్లకంటింది. అది మామూలు కాగితం కాదని మాత్రం తెలిసింది, బూడిద రంగే వేరుగా ఉంది. ఏమిటది? ఎక్కడ వేసింది, ఎన్ని వరసలకొకసారి వేసింది? అంత చిన్న రేకుల్లో అంత తీగ ఎలా ఇరికించింది?

తెలిసినంతవరకూ లెక్కగట్టి తానే ఒకటి చుట్టాడు. తీగ నాలుగుసార్లు తెగింది. మూడు రోజులు పట్టింది. పెట్టెకు తగిలించి జయచంద్రను పిలిపించాడు. పలికింది. గట్టిగా మీటినా శుభ్రంగానే పలికింది, ఇంకా గట్టిగా మీటితే డొక్కుడబ్బాలా బొంగురుపోయింది. ఇంకొకటి చుట్టాడు. అది అంతకన్నా అన్యాయం. మద్రాసుకు పోయి, కాయిళ్లు చుట్టడమే పనిగా ఉన్న ఒక షాపులో మూడోది చుట్టించాడు. అది చాలా మంచి కాయిలు. దానివల్ల పెట్టె గుడిగంటలా మోగింది. జయచంద్రకు కావలసింది గుడిగంట కాదు.

ఇక ఐదు రోజులే ఉన్నాయి. సుదర్శనానికి ఏం చేయాలో పాలుపోలేదు. ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి, వసారాలో కూచున్న వరదమ్మ ముందు చాప మీద ఇంట్లో ఉన్న కాగితాలన్నీ పరిచాడు. వెన్నకాగితం, గాలిపటాల కాగితం, క్యాలెండరు ముక్క, బీడీకట్టకు చుట్టే కాగితం, మైనం పూసినది, సిగరెట్టు పెట్టెలోని తగరం. ఒక్కొక్కటీ ఆమె ఎడమచేతికి ఇచ్చాడు.

"ఇదా వరదా? ఆ పొద్దు దాంట్లో వేసింది ఇదేనా?"

ఆమె కాగితాన్ని వేళ్లతో తడిమింది. అతని ముఖంలోకి చూసింది.

"పదారు," అంది.

ఇంకొకటి ఇచ్చాడు. పదారు అంది. ఇంకొకటి ఇచ్చాడు. డాక్టరు చెప్పింది అతనికి బాగా గుర్తుంది. అయినా మనసు ఆగలేదు. పదహారు వరసలకొకసారి కాగితమా? పదహారు చుట్లు ఎక్కువా? తీగ పదహారో నంబరా? వేళ్లతో చూపించమన్నాడు. ఆమె ఎడమచేతి వేళ్లు పైకెత్తి, ఎన్ని చూపాలో తెలియనట్టు వాటినే చూసుకుంది. పలక తెచ్చి బలపం చేతికిచ్చాడు. ఆమె ఒక గీత గీసింది. దాని పక్కన ఇంకొక గీత. ఆ గీతలు ఎటో పోయాయి. చెప్పాలని ఆమెకు ఉంది. పెదవులు వణికాయి, మెడనరాలు ఉబ్బాయి, కళ్లలోంచి నీళ్లు కారాయి. వచ్చింది మాత్రం ఆ మాటే. ఈసారి గట్టిగా, వీధిలోకి వినిపించేటంత గట్టిగా వచ్చింది.

కుప్పమ్మ వంటింట్లోంచి వచ్చి పలక లాక్కుంది.

"దాన్ని ఎందుకురా ఇట్ల చంపుకు తింటావు? నోరు బాగుండిన పొద్దు అడగలేకపోయినావా?"

సుదర్శనం కాగితాలు ఒక్కొక్కటీ ఏరుకుని లోపల పెట్టాడు. వరదమ్మ ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు. అతనూ ముట్టలేదు.

అయినా పదహారుతో ఒకటి చుట్టకుండా ఉండలేకపోయాడు. పదహారు వరసలకొక కాగితం వేసి చుట్టాడు. కాలేదు. పదహారు చుట్లు ఎక్కువ వేసి చూశాడు. కాలేదు. చేస్తున్నది పిచ్చిపని అని అతనికి తెలుసు. చేతులు ఊరికే ఉండలేక చేశాడు.

చివరికి జయచంద్ర మద్రాసు షాపువాళ్లు చుట్టిన కాయిలుతోనే పెట్టె తీసుకుని రికార్డింగుకు పోయాడు. సుదర్శనం స్టేషనుకు పోయి పెట్టెను రైలెక్కించి వచ్చాడు. ఆ రోజంతా షాపులో ఏ పనీ సాగలేదు. రెండురోజుల తరువాత జయచంద్ర వచ్చి బల్లమీద కూచున్నాడు. బాగానే జరిగిందన్నాడు. ఆయన చాలా మంచివాడన్నాడు, అందరికీ టిఫిను పెట్టించారన్నాడు. సుదర్శనం రేడియో విప్పుతూ వింటున్నాడు.

"వాయించినావా?" అని మాత్రం అడిగాడు.

రెండు మీట్లు విన్నాక ఆయన గాజుగదిలోంచి చెయ్యి ఎత్తి ఆపినాడని, ఆ రోజు విన్నది ఇది కాదే అన్నాడని, ఇంకొకసారి చూద్దామని పంపించేసినాడని జయచంద్ర చెప్పాడు. "నీ తప్పు కాదులేన్నా," అన్నాడు. "వదిన బాగుంటే అయిండేది."

సుదర్శనం తల ఎత్తలేదు. ఇన్నేళ్లూ తనకు తోచనిది ఇతనికి ఎప్పుడు తెలిసిందో అనుకున్నాడు. ఆదివారాలు వసారాలో పెట్టె వాయించి చూసేటప్పుడు జయచంద్ర ముందు లోపలికి పోయి వదినకు దండం పెట్టి వచ్చేవాడు. అది మర్యాద అని తాను అనుకున్నాడు.

మళ్లీ పిలుపు రాలేదు. జయచంద్ర ఇంకో మూడేళ్లు ఆర్కెస్ట్రాతో తిరిగాడు. ఆ తరువాత చిన్న కీబోర్డు ఒకటే అన్ని వాయిద్యాల పనీ చేస్తుంటే గిటారువాళ్లకు పిలుపులు తగ్గాయి. తండ్రికి కంట్లో పొర వచ్చాక పాత్రల అంగట్లో కూచున్నాడు. అయినా ప్రతి నెలా తిరువళ్ళూరు వచ్చినప్పుడు ఇంటికొచ్చి వరదమ్మ దగ్గర కాసేపు కూచునిపోయేవాడు.

సుదర్శనం కాయిలు ప్రయత్నం వెంటనే మానలేదు. రికార్డింగు ముగిసిపోయినా, ఎవరూ అడగకపోయినా, తీరిక దొరికితే ఒకటి చుట్టేవాడు. ఒకరోజు అలా చుడుతుండగా వరదమ్మ గోడ పట్టుకుని నడిచొచ్చి పక్కన కూలబడింది. ఎడమచెయ్యి చాచి తీగ పట్టుకుంది. అతను పిడి తిప్పాడు. ఆమె తీగ నడిపింది. ఎడమచేతికి ఆ అలవాటు లేదు, మూడు వరసలకే తెగింది. అతికించి మళ్లీ తిప్పాడు. మళ్లీ తెగింది. ఆరోసారి తెగినప్పుడు ఆమె తన చేతినే కోపంగా చూసి, తీగను విసిరికొట్టి లేవబోయి, లేవలేక అలాగే కూచుంది. అతను లేపి మంచం దగ్గరికి తీసుకుపోయాడు. పడుకున్నాక కూడా ఆమె చెయ్యి అతని చేతిని వదల్లేదు. ఏదో చెప్పింది, ఎప్పటి మాటే. ఆమె ఏమన్నదో అతనికి తెలియలేదు. ఊ అన్నాడు. అప్పట్నుంచి ఆమె ఏమన్నా ఊ అనేవాడు. కొన్నిసార్లు ఆమె కోరింది జరిగేది, ఎక్కువసార్లు జరిగేది కాదు. ఆ మర ముందు అతను మళ్లీ కూచోలేదు.

ఎనభై నాలుగు చలికాలంలో వరదమ్మకు పక్షవాతం రెండోసారి వచ్చింది. ఆసుపత్రిదాకా కూడా పోనివ్వలేదు.

అప్పటికి వాల్వులు ఎక్కడా దొరకడం లేదు. సుదర్శనం కూడా టీవీల పని నేర్చుకున్నాడు. మిద్దెల మీద యాంటెనా కొమ్ములు బిగించడం, బొమ్మ వణికితే సరిచేయడం. వచ్చే పని అంతా అదే.

ఆమె పోయిన రెండేళ్లకు మద్రాసు నుంచి రామానుజం అనే ఆయన వెతుక్కుంటూ వచ్చాడు. ఏదో రికార్డింగు గదిలో పనిచేస్తాడట. చాలా ఏళ్ల కిందట తిరుత్తణిలో ఒక గిటారు విన్నానని, ఆ శబ్దం ఇంతవరకూ చెవిలో ఉందని, అలాంటి పెట్టె ఒకటి చేసివ్వగలరా అని అడిగాడు. ఎన్ని నెలలైనా పరవాలేదన్నాడు.

సుదర్శనం ఆయనకు స్టూలు వేసి, ఎదురుగా ఉన్న హోటలు నుంచి కాఫీ తెప్పించాడు.

"నేను చెయ్యలేను సార్," అన్నాడు. "దాన్ని నేను చెయ్యలేదు. మా ఇంటామె చేసింది."

రామానుజం ఆమె ఎక్కడున్నారని అడిగాడు. ఆమె లేదని సుదర్శనం చెప్పాడు. ఆయన ఆమె పేరడిగి, కాఫీ తాగి, సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడు. సుదర్శనం గ్లాసు హోటలుకు పంపించి, బొమ్మ రాక పొద్దున వచ్చిన టీవీ వెనక మూత విప్పడం మొదలుపెట్టాడు.